పదకొండింటి మాక్ డ్రిల్లు

ఆ నాలుగంతస్తుల భవనంలో ఫైర్ అలారాలు, కెమెరాలు, ఎర్ర సిలిండర్లు చూసుకునే మనిషిని అందరూ సైరన్ అనే పిలుస్తారు. గంటలు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన చెప్పుకుంటాడు. ఒకసారి మొదలుపెడితే ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా ఆగడు కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళు చెప్పుకుంటారు. పని దగ్గర మాత్రం వంక పెట్టడానికి లేదు. మూడు నెలలకోసారి వస్తాడు, ప్రతి డిటెక్టరుకీ పొగ చూపిస్తాడు, ప్రతి సిలిండరునీ తూస్తాడు, దాని మెడలో వేలాడే చీటీ మీద తేదీ వేసి సంతకం పెడతాడు. ఆయన మాటలు కోటలు దాటినా ఆ చీటీల మీద ఒక్క తేదీ కూడా తప్పు పడలేదు. అందుకే పదకొండేళ్ళుగా ఏటా మెయింటెనెన్సు కాంట్రాక్టు ఆయనదే.

ఆ కాంట్రాక్టుకి ఇవాళ ఆఖరి రోజు. పదకొండింటికి మాక్ డ్రిల్లు పెడదామని, గంట మోగితే భవనం ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో చూసి అప్పుడు సంతకం పెడతానని బిల్డింగ్ మేనేజరమ్మ ముందే చెప్పింది. ఆ సంగతి మెట్ల దగ్గర నోటీసు కూడా అంటించింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆవిడ చేతిలో ఇవాళ రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి సైరన్‌ది, చెమటకి అట్ట వంకర్లు పోయింది. రెండోది ఎవరో కొత్త కంపెనీది, నున్నగా మెరిసిపోతోంది. అది చూడగానే సైరన్ గుండె జారింది. ఈ వీధిలో మిగతా మూడు భవనాల కాంట్రాక్టులూ ఈవిడ మాట మీద వచ్చినవే. ఇది పోతే అవీ పోతాయి. భయం వేస్తే ఎవరికైనా నోరు ఎండిపోతుంది. సైరన్‌కి నోరు ఊరుతుంది.

గేటు ఎదురుగా టీ కొట్టు. పక్కనే 'ప్రమాద సమయంలో ఇక్కడ చేరవలెను' అనే బోర్డు. పది ముప్పావుకి మేనేజరమ్మ అక్కడి బెంచీ మీద కూర్చుని టీ చెప్పింది. అవతల రోడ్డు తవ్వే యంత్రం చెవులు చిల్లులు పడేలా మోత మోగిస్తోంది.

"పదకొండు కాగానే గేటు పక్కనున్న ఎర్ర బటన్ నొక్కాలి తాతా, మర్చిపోకు," అన్నాడు సైరన్.

"సరే బాబూ," అన్నాడు కావలి తాత. ఇంకా టైముంది కదా అని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

మేనేజరమ్మ మెరిసే ఫైలు తెరిచింది. "వీళ్ళు అన్నీ కంప్యూటర్లోనే చూసేస్తారట. మనిషి రానక్కర్లేదట."

"కంప్యూటరుకి ముక్కుందా మేడమ్?" అన్నాడు సైరన్. "నాలుగేళ్ళ కిందట బిస్కెట్ల గోడౌన్లో తనిఖీకి వెళ్ళాను. వెళ్ళేసరికి వాసన. చూస్తే చెత్తబుట్టలో ఎవడో సిగరెట్టు పడేశాడు. సిలిండరు తీశాను, పిన్ను లాగాను, ఆర్పేశాను. అంతే, గొప్పేం కాదు."

ఇది నిజంగా జరిగింది. నిజం కాబట్టే ఎవరూ పట్టించుకోలేదు. టీ కొట్టు అక్క గ్లాసులు కడుక్కుంటోంది. మేనేజరమ్మ పేజీ తిప్పింది. ఆ పేజీ తిరగడం చూసి సైరన్ గొంతు సవరించుకున్నాడు.

"అంతే అన్నానని అంతే అనుకునేరు! అసలు ఆ వాసన నాకు గోడౌన్లో తగల్లేదు మేడమ్, ఇంట్లో గడ్డం గీసుకుంటుంటే తగిలింది, మా ఇంటికీ గోడౌనుకీ మధ్య రెండు వీధులూ ఒక సంతా ఉన్నాయి, సగం గడ్డంతోనే పరిగెత్తాను, ఇప్పటికీ చూడండి, ఎడంపక్క వెంట్రుకలు కాస్త ముందు పెరుగుతాయి. వెళ్ళేసరికి బుట్ట కాదు, బుట్ట పక్కన అట్టపెట్టెలు, వాటి మీద ఇంకో వరస, అలా పైకప్పు దాకా ఒకటే మంట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు తాత.

"పంపు వేద్దామంటే కరెంటు లేదు."

"అయ్యో! మరి నీళ్ళెలా?" అంది టీ కొట్టు అక్క, గ్లాసు చేతిలో పట్టుకుని.

"హోస్ పైపు ఈ చివర నోట్లో పెట్టుకుని పీల్చానక్కా! కింద ట్యాంకులో నీళ్ళు గడగడా మూడంతస్తులెక్కాయి. ట్యాంకు అడుగున పదేళ్ళ కిందట పడిపోయిన తాళంచెవి కూడా వచ్చేసింది, ఓనరుకి ఇస్తే కళ్ళకద్దుకున్నాడు. కానీ ఎన్ని నీళ్ళని పీలుస్తాను? నేనూ మనిషినే కదా."

"అమ్మయ్య, ఆ ఒక్కటీ ఒప్పుకున్నారు," అంది మేనేజరమ్మ. ఇంకో పేజీ తిప్పబోయింది.

"మంట నా మీదకి వచ్చింది మేడమ్!" సైరన్ బెంచీ మీంచి లేచాడు. "ఇల్లంత మంట. వెనక గోడ, పక్కన బిస్కెట్లు. నేనేం చేశాను? కదల్లేదు. సిలిండరు మెడలో చీటీ ఉంటుంది కదా, నా సంతకం ఉన్న చీటీ, అది తీసి మంట మొహాన పెట్టాను. చదువుకో, అన్నాను."

"చదివిందా?" తాత స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

"మంట అక్కడే ఆగిపోయింది. ఇటు వంగింది, అటు వంగింది. చూస్తోంది. తేదీ చూస్తోంది. ఆ తర్వాత ఏమైందో..."

అప్పుడే గేట్లోంచి జనం రావడం మొదలైంది. మొదటి అంతస్తు ప్రింటింగ్ ప్రెస్సాయన, ఆయన వెనక పనివాళ్ళు, ఆ వెనక కుట్టు మిషన్ల అమ్మాయిలు, మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ, నాలుగో అంతస్తు గుమాస్తాలు. మేనేజరమ్మ గబగబా ఫోన్లో టైము చూసుకుంది. నలభై మందీ బోర్డు కింద చేరేసరికి మూడు నిమిషాలు.

"మూడే!" అంది ఆశ్చర్యంగా. "పోయినసారి ఏడు పట్టింది."

"చూశారా మేడమ్! గంటంటే అదీ!" సైరన్ ఛాతీ గుండీలు తెగేలా ఉబ్బింది. మేనేజరమ్మ మెరిసే ఫైలు మూసి పక్కన పెట్టింది. వంకర అట్ట ఫైలు తెరిచి పెన్ను మూత తీసింది.

అక్కడితో ఆపితే ఆయన సైరన్ ఎందుకవుతాడు? ఎదురుగా నలభై మంది, చేతుల్లో టీలు.

"ఇంతకీ మంట ఏం చదివింది బాబూ?" తాత ఉండబట్టలేకపోయాడు.

"గడువు ఇంకా పదిరోజులుంది తాతా! అది చూసి మంటకి సిగ్గేసింది. కాంట్రాక్టు ఉన్నచోటికి పొరపాటున వచ్చాను, ఏమనుకోకు అని తల దించుకుని, వచ్చిన దారినే బుట్టలోకి దిగి ఆరిపోయింది. మరి పొగ సంగతేంటి అంటారా? పొగ బుద్ధిమంతురాలు. నేను పెట్టిన పచ్చ బాణాలు చూసుకుంటూ ఒకదాని వెనక ఒకటి వరసలో మెట్లు దిగి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు తెరిచే ఉంది, ఒక్క పాయ కూడా ఎక్కలేదు. ప్రమాదంలో లిఫ్టు వాడరాదని బోర్డు పెట్టాను కదా!"

కుట్టు మిషన్ల అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ప్రెస్సాయనకి టీ ముక్కులోకి పోయింది.

"నవ్వకండి, అసలుది ఇప్పుడొస్తుంది. ఈ గొడవలో గోడ దూకి ఒక దొంగొచ్చాడు. ఒరేయ్, వచ్చినవాడివి ఊరికే ఉండకు, పైపు పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. పని అయ్యాక కెమెరాలో నీ మొహం సరిగ్గా పడలేదు, కాస్త ఇటు తిరుగు అన్నాను. తిరిగాడు. వాడు ఎంత మారిపోయాడంటే, ఇప్పుడు మూడు నెలలకోసారి వాడే వచ్చి తాళాలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసి, నా చీటీ కింద సంతకం పెట్టి..."

"ఇక్కడేం జరుగుతోంది?"

అందరూ తిరిగి చూశారు. గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. మెడలో తెల్లగుడ్డ, బుగ్గలో దూది.

పళ్ళ డాక్టరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, మీరు కుర్చీలోనే ఉండిపోయారా! డ్రిల్లండీ. గంట వినగానే దిగాలి కదా?"

"ఏ గంట?" అన్నాడాయన. "మత్తు ఎక్కాక వస్తానన్నారు. ఒక్క చప్పుడు లేదు, హాయిగా కునుకు తీశాను."

మేనేజరమ్మ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. యంత్రం మోతలో తనకే వినపడలేదనుకుంది ఇంతసేపూ. "మీలో గంట విన్నదెవరు?"

"పదకొండింటికని నోటీసులో ఉంది కదా, దిగిపోయాం," అన్నాడు ప్రెస్సాయన.

"వాళ్ళు దిగుతున్నారని మేం దిగాం," అన్నారు కుట్టు మిషన్ల అమ్మాయిలు.

సైరన్‌కి పదకొండేళ్ళలో మొదటిసారి నోరు ఎండిపోయింది. గంట చచ్చిందా? మొన్ననే కదా తీగ తీగా చూశాను? నాలుగు భవనాలూ కళ్ళముందే చేజారిపోతున్నట్టు అనిపించింది. బిక్కమొహంతో తాత వైపు చూశాడు.

తాత నాలుక్కరుచుకున్నాడు. "నేను నొక్కనే లేదు బాబూ. మంట చీటీ చదువుతోందంటివి. అదేం చదివిందో తెలీకుండా ఎలా వదిలి వెళ్ళను?"

టీ కొట్టంతా గొల్లున నవ్వింది. మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు. "వెళ్ళి ఇప్పుడు నొక్కు," అంది.

తాత పరిగెత్తాడు. సైరన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంతలో మోగింది చూడండి! నాలుగంతస్తులూ ఒక్కసారే మోగాయి. రోడ్డు తవ్వే యంత్రం మోత దాని కింద అణగిపోయింది, యంత్రం నడిపేవాడు ఆపేసి తల పైకెత్తి చూశాడు. సైరన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోతలు కొయ్యకుండానే గొప్పవాడైనట్టు అనిపించింది ఆయనకి.

ఆయన కళ్ళు తుడుచుకునేలోపు, గంట విన్న నలభై మందీ గ్లాసులు కింద పెట్టి, బడిగంట విన్న పిల్లల్లా బుద్ధిగా వరస కట్టి, మెట్లెక్కి భవనంలోకి వెళ్ళిపోయారు. బుగ్గలో దూదితో పేషెంటాయన కూడా.

"గంట మోగితే ఎటు రావాలి?" అంది మేనేజరమ్మ నెమ్మదిగా.

"కిందకి," అన్నాడు సైరన్, ఇంకా నెమ్మదిగా.

ఇక ఆవిడ వల్ల కాలేదు. బెంచీ పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, కాంట్రాక్టు కాగితం ఒళ్ళోకి తీసుకుని, చివర్లో ఖాళీ ఉన్నచోట ఏదో రాసి, దాని కింద సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది.

సైరన్ చదివాడు. 'ఇకమీదట డ్రిల్లుకి నోటీసు అంటించరాదు. డ్రిల్లు పూర్తయ్యేవరకు కాంట్రాక్టరు నోరు తెరవరాదు.'

ఆయన ఏదో చెప్పబోయాడు. మేనేజరమ్మ ఫోను చూపించింది. "ఈ రెండు షరతులూ పక్క భవనం మేనేజరుకి కూడా పంపించాను. వాళ్ళ డ్రిల్లు పన్నెండింటికట కదా."

సైరన్ నోరు మూసుకుని సంతకం పెట్టాడు.