ముప్పై మూడేళ్ల కొలువుకు అభినందన, ఒక కథకు సవరణ

1992 ఆగస్టు మూడో తేదీ సోమవారం ఉదయం పది గంటలకు మా గ్రంథాలయంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించినవారు, ఈ నెలాఖరున పత్రికా విభాగం అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. హోదాలు ఎన్ని మారినా, పై అధికారి మొదలుకొని తోటమాలి వరకు అందరికీ ఆవిడ అక్కగారే. వయసులో ఆమెకన్నా పెద్దవారైన పాఠకులు కూడా ఏ సంకోచమూ లేకుండా అలాగే పిలిచేవారు. ఎదురు బల్ల దగ్గర ఇరవై రెండేళ్లు కూర్చున్నవాణ్ని కనుక మా గ్రంథాలయ పత్రికకు ఈ వ్యాసం రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమన్న మాట మర్యాద కోసం వాడలేదు. ఈ పని నాకే కావాలని ఇద్దరు సహోద్యోగులతో పోట్లాడి మరీ తెచ్చుకున్నాను.

టైపిస్టుగా చేరినా మొదటి నాలుగేళ్లు అక్కగారు పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గరే పనిచేశారు. ఏ పాఠకుడు ఏ పుస్తకం చదివాడో, ఏది సగంలో వదిలేశాడో, ఏ పేజీ చివర మడతపెట్టాడో ఆమెకు కంఠతా వచ్చు. పేజీ మడతపెట్టినవారికి చీవాట్లు తప్పేవి కావు. అవి తిన్నవాళ్లే మరుసటి వారం ఆమె కౌంటరు ముందే వరుస కట్టేవారని నేను చేరిన కొత్తలో విని వింతపడ్డాను.

1996లో పత్రికా విభాగానికి మారిన తరువాత అక్కగారి అసలు కృషి ఆరంభమైంది. మాసపత్రికలు తిరగేసే పాఠకుల్లో ఎవరో ఒకరు వచ్చి, గొంతు తగ్గించి, చుట్టూ చూసుకుని, "అక్కగారూ, దీనికి కథ పంపాలంటే ఎలాగండీ?" అని అడుగుతుండేవారు. ఒకే వారంలో నాలుగోసారి అదే ప్రశ్న విన్న రోజున ఆమె విసుగెత్తి, యంత్రంలో కాగితం పెట్టి, ఏ పత్రిక ఎన్ని పేజీల కథ వేసుకుంటుందో, ఏ సంపాదకుడు జవాబిస్తాడో, ఏ పోటీకి ఎప్పుడు గడువో టైపు చేసి గోడకు అతికించారు. ఆ విసుగులోంచే మా రచయితల బృందం పుట్టింది. నెలనెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పై అంతస్తు వార్తాపత్రికల గదిలో, ఒక ఫ్యాను కింద సమావేశం. టైలరు, కంపౌండరు, ఇద్దరు గృహిణులు, రిటైరైన స్టేషన్ మాస్టరు, లెక్కల మాస్టారు. ఈ చివరివారు అక్కగారి శ్రీవారు. ఆయన ఒక్క వాక్యమూ రాయలేదు కానీ కుర్చీలు వేయడంలో ఆయనకు సాటి లేరు.

గోడకు అతికించే ఆ సమాచార పత్రం అడుగున అక్కగారు ప్రతి నెలా ధైర్యం చెప్పే రెండు వాక్యాలు చేర్చేవారు. అలంకారాలు ఆమెకు గిట్టవు. "ఈ నెల ఏమీ రాయలేకపోయారా? అయినా రండి, కుర్చీలు ఖాళీగా ఉంటే మా ఆయన చిన్నబుచ్చుకుంటారు" అన్నది ఆ వాక్యాల్లో ఒకటి. ఆ ఆదివారం గది నిండిపోయింది.

ఈ బృందానికి ఆమె రెండు ఆచారాలు ఏర్పరచారు. పత్రికల నుంచి తిరిగొచ్చిన కవర్లను ఇంట్లో విప్పకూడదు, సమావేశానికి తెచ్చి అందరి ముందూ విప్పాలి, ఆ తిరస్కరణ లేఖను గట్టిగా చదవాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. అంగీకార వార్తలు ఆ తరువాతే. "ఒంటరిగా విప్పితే అది గుండెకి తగులుద్ది, నలుగురిలో విప్పితే చెవికి మాత్రమే తగులుద్ది" అనేవారు. రెండోది, అభిప్రాయాలు నిక్కచ్చిగా రావాలని రచనల మీద ఎవరి పేరూ ఉండకూడదు. పేర్లు నా దగ్గర ఒక నోటుపుస్తకంలో ఉండేవి. సోమవారం పొద్దున రచయిత పేరున్న లేఖను ఆయా కథకు గుచ్చి టపాలో వేయడం నా బాధ్యత.

తొమ్మిదేళ్ల కిందట ఒక సోమవారం ఆ లేఖలు బల్ల మీద పరచి గుండుసూదులు వెతుక్కుంటుండగా ఫ్యాను గాలికి కొన్ని ఎగిరి కింద పడ్డాయి. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ వాటిని ఏరి, తోచినట్టు గుచ్చి, కవర్లు మూసేశాను. అన్ని కథలూ ఒకే షాపులో డీటీపీ చేయించినవి, దేని మీదా పేరు లేదు, నోటుపుస్తకం తీసి సరిచూసుకోవాలని నాకు తోచలేదు. ఆ కట్టలో అక్కగారి కథ కూడా ఉంది. ఎంతమందినో రాయించిన ఆమె, ఆరేళ్లపాటు దిద్దుకుంటూ వచ్చి, మొట్టమొదటిసారి పంపుతున్న కథ అది.

మూడు నెలలకు ఒకే పత్రిక నుంచి రెండు కవర్లు వచ్చాయి. ఒకటి కథ తిరిగొచ్చిన లావు కవరు, అక్కగారి పేర. ఇంకొకటి పలచనిది, కథ పేజీలు లేనిది, టైలరుగారి పేర. ఆచారం ప్రకారం ముందు అక్కగారు లేచి కవరు విప్పారు, విచారిస్తున్నామన్న లేఖను చదివారు, మేము చప్పట్లు కొట్టాము. లేఖ కింద ఉన్న కాగితాల వైపు చూసి ఆమె ఒక్క క్షణం ఆగారు. తరువాత వాటిని మడిచి కవర్లో పెట్టి కూర్చున్నారు. అవి టైలరుగారి కథ పేజీలని ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కరికే.

అప్పుడు టైలరుగారు లేచారు. పదకొండు కథలు తిరిగొచ్చాక అందిన మొదటి పలచని కవరు కావడంతో భార్యనూ, తండ్రినీ వెంట తెచ్చుకున్నారు. "మీ కథను ప్రచురణకు స్వీకరించాము" అన్న ఒక్క ముక్కను ఆయన మూడుసార్లు చదివారు. ఆ పెద్దాయన చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకున్నారు. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవారు అక్కగారు.

మెట్లు దిగుతూ ఆమె నాకు ఆ కవరు చూపించారు. లోపలి పేజీలు చూడగానే నేను వెనుదిరిగాను.

"ఇప్పుడే వెళ్లి చెప్పేస్తాను అక్కగారూ."

"ఆ ముసలాయన ముఖం చూశావా తమ్ముడూ? ఇవాళ్టికి నోరు మెదపకు. రేపు నేనే చెప్తాను."

మర్నాడు తండ్రీకొడుకులు పొద్దున్నే మిఠాయి పొట్లంతో గ్రంథాలయానికి వచ్చారు. ఆమె నోరు తీపి చేసుకున్నారు తప్ప సంగతి చెప్పలేదు. అది సరైన పని కాదని నేను అప్పుడే ఆమెతో అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆమె కూడా కాదనలేదు.

సంచిక వెలువడిన రోజు టైలరుగారు దాన్ని చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు.

"అక్కగారూ, పేరు నాదే గానీ కథ నాది కాదు. ఇంత బాగా రాయడం నాకు రాదు. ఎవరిదండీ ఇది?"

అక్కగారు పత్రికల దొంతర సర్దుతూ ఉండిపోయారు. చెప్పినవాణ్ని నేను. ఆయన కుర్చీలో కూలబడి సంచికను అటూ ఇటూ తిప్పారు. చివరికి, "నాన్న ఇప్పటికే వీధి వీధంతా చెప్పేశాడు. నాకంటూ ఒక కథ అచ్చయ్యేదాకా ఆగండక్కా. ఆ రోజు నేనే అందరికీ చెప్తాను" అన్నారు. "తొందరేముంది, ముందు రాయండి" అన్నారు అక్కగారు. పత్రికకు ఉత్తరం రాద్దామని నేను పట్టుబడితే నాకూ చీవాట్లు పడ్డాయి.

ఆ గడువు తొమ్మిదేళ్లు సాగింది. ఈలోగా టైలరుగారు పంపిన కథలు మరో ఇరవై ఒకటి తిరిగొచ్చాయి. ప్రతిదాన్నీ అక్కగారు పెన్సిలుతో దిద్దారు, ప్రతిదానికీ చప్పట్లు కొట్టారు. తనది మాత్రం మరొకటి పంపలేదు. అడిగితే, "ఒకటి అచ్చయిందిగా" అని నవ్వేసేవారు. ఒకసారి ఒక పాఠకురాలు పాత సంచికలు తిరగేస్తూ ఆ కథ చదివి, ఎవరండీ ఈయన, కూతురి మనసు ఇంత బాగా తెలిసినాయన, అని ఆమెనే అడిగింది. "బాగుంది కదా?" అన్నారు అక్కగారు. ఆ పూటంతా ఆమె ముఖం వెలుగుతూనే ఉంది. ఎదురు బల్ల దగ్గర నేను మాత్రం తలెత్తలేకపోయాను.

గత నెల ఆ వరుసలో ఇరవై రెండో కథ టైలరుగారిది అచ్చయింది. వెంటనే సవరణ వేద్దామంటే, "వెళ్లిపోయేదాన్ని, ఇప్పుడెందుకయ్యా ఈ హడావుడి? వదిలెయ్యండి" అన్నారు అక్కగారు. మేము వదల్లేదు. టైలరుగారు ముందు తండ్రికి చెప్పుకున్నారు. ఆ పెద్దాయన అంతా విని, "అయితే నువ్వు గెలవడం ఇదే మొదటిసారన్నమాట. నడు, మళ్లీ వీధంతా చెప్పొస్తాను" అన్నారట. ఆ తరువాత టైలరుగారే నా ఇంటికి వచ్చి, ఈ సంచికలో ఇది రాయమని అడిగారు. ఈ పేజీ ఆయన చదివి, సంతకం చేసి ఇచ్చారు. అక్కగారికి మాత్రం చూపించలేదు. ఆమె దిద్దకుండా మా సంస్థ నుంచి అచ్చుకు వెళుతున్న మొదటి కాగితం ఇదే. తప్పులుంటే మన్నించాలి.

సవరణ: తొమ్మిదేళ్ల కిందట ఆ మాసపత్రిక మార్చి సంచికలో ముప్పై ఒకటో పేజీన టైలరుగారి పేరుతో వచ్చిన కథను రాసినవారు మా అక్కగారు. పొరపాటు పూర్తిగా నాది. పత్రిక సంపాదకులకూ రాశాము, వచ్చే సంచికలో వేస్తామని జవాబిచ్చారు.

అక్కగారి అమ్మాయికి, మాస్టారికి ఒక మనవి. ఆ సంచిక మా పై అంతస్తులో ఉంది, వచ్చి చదవండి. మీ ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరున్నారో తెలుస్తుంది. ఆవిడ చేతికి, కంటికి, మోకాళ్లకు ఏ బాధా రాకుండా నిండు నూరేళ్లు ఆరోగ్యంగా, భర్తతో, పిల్లలతో, మనవలతో హాయిగా గడపాలనీ, ఇంటి పనుల మధ్య రోజుకో పేజీ రాసుకునే తీరిక ఆమెకు దక్కాలనీ మా సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటూ, ఇన్నేళ్లూ నేను బాకీపడ్డ ఆ పిలుపుతో సెలవు తీసుకుంటున్నాను. నమస్కారమండీ, రచయిత్రిగారూ.