డోపా మైన్ ఎక్కడుంది?

స్టీలు ప్లాంటు వారి రిసాలి క్వార్టర్లో మధ్యాహ్నం. రిటైరైన మామగారు వాసుదేవరావు, కోడలు కిరణ్మయి.

"మళ్ళీ చెప్పమ్మా. ఏ మైన్?"

"మైన్ కాదు మావయ్యా, డోపమైన్."

"అదే. దల్లీ తెలుసు, రాజహరా తెలుసు, నందినీ తెలుసు. సర్వీసంతా ఆ గనుల మట్టిలోనే దొర్లినాను. ఈ డోపా ఎక్కడుంది? కొత్తగా తవ్వీసినారేటి?"

"మెదడులో ఉంది."

"ఏటీ?"

"మీ మనవరాలు ఛాయ మెదడులో. అదొక రసాయనం. దాని పని సరిగ్గా జరక్కపోతే ధ్యాస నిలవదట. అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఉందన్నారు డాక్టరుగారు. పిల్లది పొగరూ కాదు, బద్ధకమూ కాదన్నారు."

"అంటే మైన్ ఉంది, సరుకు అందట్లేదు."

"అలాగే అనుకోండి."

"అలాగనుకుంటే అవదమ్మా. సరుకే లేదా, ఉండీ అందట్లేదా? ఉండీ అందకపోతే తప్పు సరుకు మోసే బెల్టుది."

"బాబోయ్! ఆ బెల్టుకే మాత్ర ఇచ్చారు, సరేనా? నిన్న మీరేమన్నారు? నేను బతికుండగా ఆ మాత్ర పిల్ల నోట్లో పడదన్నారు."

"అన్నాను. పసిపిల్ల బుర్రకి మందేటి?"

"పరీక్ష పేపరు సగంలో వదిలేసి కిటికీలోంచి ఉడతని చూస్తూ కూర్చుందట. మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతామంటున్నారు స్కూల్లో. పడుకునే ముందు నన్నేమడిగిందో తెలుసా? 'మమ్మీ, మై పాగల్ హూఁ క్యా?' అంది. తనకి పిచ్చా అని!"

"నువ్వేటన్నావు?"

"ఏమంటాను? ఏడ్చాను."

"మంచినీళ్ళు తాగమ్మా ముందు."

"అది బడి నుంచి వచ్చేలోపు ఒక్క మాట చెప్పండి. స్ట్రిప్పులో ఒక మాత్ర తక్కువుంది."

"ఎలకలమ్మా. ఈ క్వార్టర్ల నిండా ఎలకలే."

"ఎలక రేకు చించి, ఒక్క మాత్రే తిని, మిగతావి డబ్బాలో పెట్టి మూత కూడా పెట్టిందా?"

"కొన్ని పద్ధతిగా ఉంటాయి."

"పారేశారా?"

"పారీలేదు."

"మరేం చేశారు?"

"కూలరు గాలి తగులుతందా నీకు?"

"మాట తిప్పకండి మావయ్యా! మాత్ర... ఆగండి. కూలరా? పోయిన ఎండాకాలం ముక్కలు ముక్కలుగా ఊడదీసి మంచం కింద పడేశారు కదా. ఎవరు బాగుచేశారు?"

"నేనే. పొద్దున్న."

"మొత్తం?"

"మొత్తం. కూర్చున్నాను, లేచీసరికి తిరుగుతంది. మధ్యలో ఎక్కడికీ లేవలేదు."

"మీరా? పొయ్యి మీద పాలు పెట్టి సుపేలా బజారుకి వెళ్ళిపోయే మీరా?"

"అదే కదా. నాకూ భయమేసింది."

"మావయ్యా... కొంపదీసి ఆ మాత్ర మీరు..."

"శాంపిల్ చూడకుండా సరుకు ఫర్నేసులో వెయ్యరమ్మా. రూలు."

"అయ్యో రామా! అది పిల్లల మందు! మీకు బీపీ! గుండె దడగా ఉందా? ఉండండి, మీ అబ్బాయి యుగంధర్‌కి ఫోన్..."

"వాడు డ్యూటీలో ఉన్నాడు, వదిలీ. దడ ఉందిలే కొంచెం. అది కాదు, నా మాట విను. బుర్రలో సుపేలా బజారు బంద్ అయిపోనాది."

"ఏమిటంటున్నారు?"

"పుట్టిన కాడి నించీ నాకు లోపలంతా బజారే. ఆటోలు, హారన్లు, అందరూ ఒక్కసారే కేకలు. అందరికీ ఇంతేననుకున్నాను. మేష్టారు గోడకుర్చీ వేయించినా, మా నాన్న తాటిమట్టతో బాదినా, నేనొట్టి ఎదవని కాబోలు అనుకున్నాను. మీ అత్త కూడా పోయేవరకూ అదే అంది. పొద్దున్న అన్ని షట్టర్లూ దించీసినారమ్మా. ఒక్క స్క్రూడ్రైవరు చప్పుడే వినిపించింది."

"మావయ్యా, ఏడవకండి."

"ఏడవట్లేదు. పిల్లకి పెట్టు. డాక్టరు చెప్పినట్టే పెట్టు. దాన్ని పాగల్ అన్నోడెవడో నా దగ్గరికి పంపు."

"పెడతాను. ముందు మీరు చొక్కా వేసుకోండి. హాస్పిటల్లో బీపీ చూపిద్దాం పదండి."

"బీపీ డాక్టరు వద్దు. ఛాయ డాక్టరు దగ్గరికి తీసికెళ్ళు."

"ఆయన పిల్లల డాక్టరు మావయ్యా. మిమ్మల్ని చూడరు."

"ఎందుకు చూడడమ్మా? నాకిది రెండో తరగతిలో వచ్చింది."