జిడ్డుగుడ్డ

షెడ్డులో అల్లుడు కారు ముందద్దాన్ని రుద్దుతుంటే మామగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"నిన్ననేగా బాబూ, వాన నీళ్ళు జారిపోవడానికి ఏదో మందు పూశావు?"

"పూశాను మావయ్యా. డ్యాష్‌బోర్డు పాలిష్ చేసిన జిడ్డుగుడ్డతోనే దీన్నీ తుడిచేశాను. అద్దమంతా అలుక్కుపోయింది."

"అదా సంగతి. సాయంత్రం వానలో ఎదురింటి బండి లైట్లు పడగానే అంతా మసకబారింది. వెళ్ళి గేటుకి గుద్దాను."

"మీ చూపు మందగించిందని అందరి ముందూ అన్నది నేనే. ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇప్పుడే లోపలికెళ్ళి నిజం చెప్పేస్తాను."

"నువ్వనగానే ఒక్కరూ కాదనలేదు బాబూ. మీ అత్తయ్యయితే కారు తాళాలు నీ చేతిలో పెట్టేసింది. ఇప్పుడు చెబితే నన్ను వెనకేసుకొస్తున్నావనుకుంటారు."

అల్లుడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మరి నన్నేం చేయమంటారు?"

"ఆ మూల ఇంకా జిడ్డుంది, సరిగ్గా తుడువు. ఇకమీదట నడపాల్సింది నువ్వేగా."