సీసాల తెప్ప

తుంగభద్ర వరద మంత్రాలయాన్ని ముంచిపోయి రెండు నెలలైంది. బస్టాండు పక్క టీకొట్టులో కూచోని బొజ్జన్న మొదలుపెట్టినాడు.

"ఆ పొద్దు నేను కాపాడబోయింది రెండు మేకల్ని, అంతే. యాత్రికులు తాగి పారేసిన నీళ్ల సీసాలుండాయి గదా, మూతలు బిగించి గోనెసంచుల్లో నింపి, సంచులకు వెదురు కట్టి తెప్ప చేసినా. మేకల్ని ఎక్కించుకోని వస్తాంటే, మిద్దెల మీద జనం 'బొజ్జన్నా, బొజ్జన్నా' అని ఒకటే కేకలు. నాది మెత్తని మనసప్పా, నలభై మందిని ఎక్కించుకుంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మునిగినారా?" అన్నాడు టీకొట్టు దేవేంద్రప్ప.

"మునిగేదా! అంతలోనే ఆదోని బస్సు కొట్టుకొస్తాండాది, డ్రైవరు ఇంకా హారన్ కొడతానే ఉండాడు. ఒంటిచేత్తో ఎత్తి తెప్ప మీద పెట్టినా. కండక్టరు నన్నే టికెట్ అడిగినాడప్పా!"

"తీసుకుంటివా?"

"నా తెప్పకు నేనెందుకు తీసుకుంటా? తెప్పను ఏటికి అడ్డం తిప్పినా. ఏరు బెదిరి వెనక్కి మళ్లింది! నీళ్లు పైకెక్కి హంపి దాకా పోతే, అక్కడి జనం కన్నడంలో 'సాకు బొజ్జన్నా, సాకు', ఇంక చాలని మొత్తుకున్నారు!"

అప్పుడే సోమక్క వచ్చింది. వరదకు పొలం ఇసుకపాలైనాక, ప్లాస్టిక్ కవర్లు కత్తిరించి చాపలల్లి యాత్రికులకు అమ్ముకుంటున్న పన్నెండు మంది ఆడోళ్లలో ఆమె పెద్ద.

"ఆ తెప్ప కట్టింది మేం, బొజ్జన్నా. మేం ఏరి, పాతసామానోళ్లకు అమ్మేదానికి దాచిన సీసాల మూటలవి. నేనూ, మాతో చాపలల్లే భీమక్కా వచ్చేటప్పటికి నువ్వు వేపకొమ్మ మీద ఏడుస్తాండావు."

కొట్టంతా గొల్లుమంది. బొజ్జన్న తల దించుకున్నాడు.

సోమక్క నవ్వలేదు. "పంచెతో నిన్ను నువ్వే కొమ్మకు కట్టేసుకున్నావు. ఆ ముడి ఇప్పేది మా ఇద్దరి వల్ల కాలే, కొడవలితో కోసినాం. మళ్లీ వానలొచ్చే లోపల ఏటిగట్టున ఇంటికొక తెప్ప కడతాండాం. మా ముడులు నానితే జారిపోతాండాయి. నువ్వొచ్చి ఏసిస్తావా?"

బొజ్జన్న గ్లాసు కింద పెట్టి లేచినాడు.

"ఆ ముడి ఇప్పేది నాకూ రాదు, సోమక్కా."

"ఇప్పే పనేముండాది? ఏసేది నేర్పు, చాలు."