తేయా రాయికి పెట్టిన బొట్టు

రంగు కాదమ్మా. రంగు అని ఎందుకు చెబుతున్నావు వాళ్ళకి? కుంకుమ అని చెప్పు. వాళ్ళ భాషలో ఆ మాట లేకపోతే లేదని చెప్పు, అంతేగానీ ఉన్న మాటేదో తెచ్చి అతికించకు. నువ్వు రంగు అంటే ఆ అబ్బాయి రంగనే టైపు చేస్తాడు. ఒకసారి పోలీసుల కాయితం మీద పడ్డాక ఇక అది రంగే.

మొదటి నుంచి చెప్పమంటున్నాడా? మంచిది. రేపల్లె హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, మధ్యలోంచి చెప్పడం నాకూ చేతకాదు. కానీ ముందు నువ్వొకటి అడుగు. ఎస్తేరమ్మ గారికి తెలివి వచ్చిందా? ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు కదా.

అడిగావా. మళ్ళీ చేస్తారటనా. సరే.

ఎందుకడుగుతున్నానంటే, ఆవిడకి తెలివి రాగానే ఎవరైనా చెవిలో ఒక్క మాట వేయాలి. అది ఎవరో పగబట్టి చేసింది కాదు, పైనింటి ఈ సుభద్ర పెట్టిన బొట్టు అని. నేనే వెళ్ళి చెబుతానంటే ఈ పోలీసాయన కూర్చోమంటున్నాడు. నువ్వు చెప్పినా చాలు, నర్సు చెప్పినా చాలు. నాకు కావలసింది అంతే. తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోమను.

నిన్ను చూస్తే జాలేస్తోంది భావనా. చదువుకోడానికొచ్చి, బేకరీలో డ్యూటీ చేసుకుంటున్నదానివి, తెలుగొచ్చు గదా అని లాక్కొచ్చారు. ఆ ఏప్రన్ కూడా విప్పనివ్వలేదు. మా అబ్బాయి విశ్వతేజ బ్యోబ్లింగెన్‌లో ఆఫీసు నుంచి బయల్దేరాడట, ఎస్-బాన్ రైలు మధ్యలో ఎక్కడో నిలిచిపోయిందట. నిలవనీ. వాడొచ్చాడంటే నన్ను చెప్పనివ్వడు. ‘అమ్మ పెద్దావిడ, ఆవిడకేం తెలియదు’ అని సర్దేస్తాడు. తెలియకపోవడమేమిటి? తెలిసే పెట్టాను.

ఆ రాయి చూశావు కదా. మా అపార్ట్‌మెంటు గుమ్మం ముందు, ఫుట్‌పాత్ మీద అరచేయంత రాయి, పైన ఇత్తడి పలక. అలాంటివి ఈ దేశమంతా ఉన్నాయి, నువ్వూ రోజూ దాటే ఉంటావు. హిట్లర్ కాలంలో ఏ ఇంట్లోంచి మనుషుల్ని పట్టుకుపోయారో, ఆ ఇంటి ముందు వాళ్ళ పేరు. నేను వచ్చిన కొత్తల్లో తెలియక దాని మీద కాలేశాను. చూద్దును గదా, అక్షరాలు. ప్రాణం ఝల్లుమంది. వంగి, తాకి, కళ్ళకద్దుకున్నాను. అక్షరానికి కాలు తగిలితే మనం ఊరుకుంటామా?

అదే ఆవిడ చూసింది. కింది అంతస్తు కిటికీలోంచి. నడవడానికి ఊతంగా పట్టుకునే నాలుగు చక్రాల బండి తోసుకుంటూ బయటికొచ్చింది. ఆవిడది జర్మను, నాది తెలుగు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక వాక్యం కాదు. తన గుండె మీద చెయ్యేసుకుని ‘ఎస్తర్’ అంది. నాకు నవ్వొచ్చింది. మా వైపు ఎస్తేరమ్మలు పేటకొకరుంటారు. మా స్కూల్లో ఆయా పేరు కూడా అదే. ఇంత దూరమొచ్చి మళ్ళీ ఎస్తేరమ్మేనా అనుకున్నాను.

తర్వాత రాయి చూపించి ‘మామా’ అంది. అది ఏ భాషైనా అర్థమవుతుంది.

ఆ ఇత్తడి నల్లబడిపోయి ఉంది. ఆవిడకి మోకాళ్ళు వంగవు. నేను మర్నాడు పొద్దున్నే చింతపండు, ఉప్పు పట్టుకుని, పీట వేసుకుని కూర్చున్నాను. పూజ గిన్నెలు తోమినట్టే తోమాను. దారిన పోయేవాళ్ళు ముసలమ్మ పడిపోయిందేమోనని లేవదీయడానికొచ్చారు. ఎస్తేరమ్మ నా చేతిలో పిసరు తీసుకుని నాలిక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది చూడు, చంటిపిల్ల మొహంలా. అప్పట్నుంచీ నన్ను ‘ఫ్రౌ టమరిండె’ అనేది. చింతపండు గారు అన్నమాట. అది చెప్పు వాళ్ళకి, చెప్పు. నేనెవరో ముక్కూమొహం తెలియనిదాన్ని కానని తెలియాలి.

ప్రతి శుక్రవారం తోమేదాన్ని. తోమాక వాళ్ళింట్లో కాఫీ. మా మనవరాలు అనూహ్య దుబాసీ. పదిహేనేళ్ళ పిల్ల, రమ్మంటే ‘గ్లైఖ్, గ్లైఖ్’ అంటుంది. ఇప్పుడే వస్తానని అర్థం. ఆ ఇప్పుడు ఎప్పటికో వస్తుంది. వచ్చినా సగం చెబుతుంది, సగం ఫోన్లో ఉంటుంది. అయినా ఒక్కొక్క ముక్కా పోగుచేసుకుని నాకు కథంతా వచ్చేసింది.

రాయి మీద పేరు తేయా. ఆ ఇంట్లోనే పుట్టింది. తండ్రి దర్జీ. యూదులు గనుక అందరితో పాటు రైలెక్కించి తూర్పుకి పంపేశారు. తల్లిదండ్రుల్ని దిగిన కొద్ది రోజులకే గుంట దగ్గర నిలబెట్టి కాల్చేశారు. ఈ పిల్లకి కుట్టుపని వచ్చు గనుక బతకనిచ్చారు. యుద్ధంలో చిరిగిన యూనిఫాంలు మూటలు మూటలుగా వచ్చేవట, వాటికి అతుకులు వేయాలి. ఆ జేబుల్లో ఎప్పుడైనా మరిచిపోయిన తూటా ఒకటి తగిలేది. తేయా ఏం చేసేదో తెలుసా? దాన్ని తన గౌను అంచు మడతలో పెట్టి కుట్టేసుకునేది. పక్కనే కాపలావాడు నిలబడి ఉండగా.

అడవిలో తిరగబడ్డ యూదుల దళం ఉందని విన్నది. పార్టిజాన్లు అంటారు. వరంగల్ పిల్లవి, దళం అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా. కానీ ఉత్త చేతులతో వచ్చినవాళ్ళని చాలా దళాలు చేర్చుకునేవి కావట. ఈవిడ వెళ్ళి, గౌను అంచు విప్పి, తూటాలు వాళ్ళ ముందు పోసింది. చేర్చుకున్నారు. నేలలో గుంట తవ్వి, పైన కొమ్మలూ మట్టీ కప్పుకుని అందులో ఉండేవారు. మంచులో కనబడకుండా అందరికీ దుప్పట్లతో తెల్ల అంగీలు కుట్టింది. తుపాకీ కాల్చడం నేర్చుకుంది. ఆ గుంటలోనే ఎస్తేరమ్మని కన్నది.

విమానంలోంచి పడిన పారాచూట్ గుడ్డతో పిల్లకి చొక్కా కుట్టింది. అది నేను ఈ చేతులతో పట్టుకున్నాను. బిస్కట్ల డబ్బాలో దాచుకుంది ఎస్తేరమ్మ. ఏం కుట్టు అనుకున్నావు, మిషను కుట్టులా ఉంది. పిల్లకి పళ్ళన్నా రాకముందే తేయా రైలు పట్టాల కింద మందుపాతర పెట్టడానికి వెళ్ళింది. రాలేదు. ఎక్కడ పడిపోయిందో ఎవరికీ తెలియదు. సమాధి లేదు, ఫోటో లేదు. దళంలో ఆడవాళ్ళు పిల్లని పెంచారు. ఆ పిల్ల ఎక్కడెక్కడో బతికి, రిటైరయ్యాక వచ్చి అమ్మ పుట్టిన ఇంట్లో అద్దెకి దిగి, ఆ రాయి వేయించింది. దాని మీద చివరి వరుసలో ‘పార్టిజాన్’ అనే మాట ఉండాలని పట్టుబట్టింది. మా అమ్మని చంపారు అని మాత్రమే చదవకూడదు, మా అమ్మ ఎదిరించింది అని చదవాలి అనేదట.

మా సోషల్ పుస్తకంలో ఆ సంగతి లేదమ్మా. అరవై లక్షలమందిని చంపారు అని ఒక్క వాక్యం ఉండేది. వాళ్ళలో తుపాకీ పట్టినవాళ్ళున్నారని లేదు. డెబ్బై ఏళ్ళు దాటాక నేను ఫుట్‌పాత్ మీద నేర్చుకున్నాను.

ఏమంటున్నాడు? బొట్టు ఎందుకు అనా. అక్కడికే వస్తున్నాను, ఓపిక పట్టమను.

ఇవాళ ఆయుధపూజ. మీ ఇంట్లో చేసుకుంటారు కదూ. బతుకు నడిపే పనిముట్టుకీ, ప్రాణం కాపాడే ఆయుధానికీ మొక్కే రోజు. పొద్దున మావాడి కారుకి బొట్టు పెట్టాను. కోడలు స్నిగ్ధ ల్యాప్‌టాప్‌కి పెట్టాను. నా కత్తిపీటకి పెట్టాను. అప్పుడు తోచింది. కింద ఆ రాయిలో ఒక మనిషి ఉంది, సూది పట్టింది, తుపాకీ పట్టింది. ఇన్నేళ్ళలో ఎవరైనా ఆవిడ పేరు మీద ఇంత పసుపు వేశారా? దిగి వెళ్ళి శుభ్రంగా తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక బంతిపువ్వు పెట్టాను. ఎస్తేరమ్మ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంది. వచ్చి చూసుకుంటుందిలే అని పైకొచ్చి పులిహోర కలుపుతున్నాను, ఆవిడకి ఇద్దామని.

నేను వచ్చిన రోజే మావాడు చెప్పాడు, ‘అమ్మా, స్వస్తిక్ ముగ్గు మాత్రం ఎక్కడా వేయకు, ఇక్కడ అది వేరు’ అని. వేయలేదు. పూజ పీట మీదది కూడా తుడిచేశాను. అంత జాగ్రత్తగా ఉన్నాను. ఎరుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంతలో చినుకులు పడ్డాయి. పైనుంచి నాకు తెలియలేదు. అంబులెన్సు కూత విని బాల్కనీలోకొచ్చి చూద్దును గదా, ఎస్తేరమ్మ తోసుకునే బండి పక్కకి పడి ఉంది. కుంకుమ కరిగి పేరు మీదుగా కారి రాళ్ళ సందుల్లోకి పోతోంది. పక్కింటావిడ కేకలు పెడుతోంది. నేను దిగి వెళ్ళి, ఇదిగో, ఈ వేళ్ళు చూపించాను పోలీసులకి. ‘ఇఖ్, ఇఖ్’ అన్నాను. నేనే అని. నన్నెవరూ పట్టుకోలేదు, అది కూడా రాయమను. నేనే వచ్చాను.

ఆ ఫోటో ఏమిటి? ఇటు తిప్పమను. కళ్ళజోడు ఉండనీ.

ఇది మన రాయే. ఇవాళ్టిది కాదు. నా పువ్వు లేదు. ఇది... చిక్కగా ఉంది. డబ్బాతో ఎర్ర రంగు పోసినట్టుంది.

ఎప్పటిది? రెండేళ్ళ కిందటిదా. ఎవరు పోశారు? దొరకలేదా. ఎంత వెతికారట? ఊఁ. దొరకలేదు, ఫైలు కట్టేశారు. ఆ వెనక గోడ మీద ఏం రాశారు? వద్దులే, చెప్పకు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

అయ్యో. అయితే ఆవిడ ఇవాళ చూసింది ఇదన్నమాట.

ఉండు. ఎండాకాలంలో ఒకరోజు ఎస్తేరమ్మ రాయి వైపు చెయ్యి చూపిస్తూ చాలాసేపు చెప్పింది. ఏమిటే అంటే అనూహ్య ‘ఏదో పాత పెయింట్ గొడవ నానమ్మా’ అని ఫోన్లోకి దిగిపోయింది. పెయింటే కదా, గుమ్మానికి వేయించుకుంటుందేమో అనుకున్నాను. ఈ ముక్క వాళ్ళకి చెప్పకు భావనా. మా ఇంట్లో కూడా అనకు. పిల్ల మోయలేదు.

అడవిలో ఆకు కదిలితే ఊపిరి బిగబట్టిన మనుషుల మధ్య పుట్టింది ఆవిడ. ఎనభై దాటాక, అమ్మ గుమ్మం ముందు, మళ్ళీ వాళ్ళే వచ్చారనుకుని పడిపోయింది. నేను పైన పోపు వేస్తున్నాను.

అదుగో, ఫోన్. ఆసుపత్రేనా? చెప్పమను, నేను ఇందాక అన్న ఒక్క మాటా చెప్పమను. సుభద్ర అంటే తెలియకపోవచ్చు, ఫ్రౌ టమరిండె అనమను.

ఏమంటున్నాడు?

భావనా. ఇటు చూడు తల్లీ. జవాబు తెలిసీ తలొంచుకునే పిల్లల్ని ముప్పై ఏళ్ళు చూశాను.

పోయేలోగా ఒక్కసారైనా కళ్ళు తెరిచిందా?

సరే.

సరేలే. నువ్వు ఏడవకు. మంచినీళ్ళు తాగు.

ఇంకా ఏదో అంటున్నాడే. నేను వెళ్ళిపోవచ్చటనా? చెడు ఉద్దేశం లేదు గనుక కేసు లేదు. బాగుంది. డబ్బా పోసినవాడు దొరకలేదు గనుక కేసు లేదు. నేను దొరికాను, ఉద్దేశం లేదు గనుక కేసు లేదు. ఆ రాయి మీద చెయ్యి వేసినందుకు ఇన్నాళ్ళకి దొరికింది నేనొక్కదాన్నే కాబోలు.

రాయి సంగతి అడుగు. అప్పుడే కడిగేశారా? మునిసిపాలిటీ వాళ్ళు, నీళ్ళ మిషనుతో. పువ్వూ పోయే ఉంటుంది. ఆవిడకి పిల్లలు లేరు. ఆ బిస్కట్ల డబ్బా ఎవరికిస్తారో, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు మూత తీసి చూస్తారో లేదో. వచ్చే శుక్రవారం నేను తోముతాను. నా వీసా ఉన్నన్నాళ్ళు తోముతాను. తర్వాత నల్లబడుతుంది. చదివేవాళ్ళు లేని ఇత్తడి నల్లబడితేనేం, మెరిస్తేనేం.

మావాడొచ్చినట్టున్నాడు, బయట గొంతు వినబడుతోంది. పద.

ఏమిటి, సంతకమా? ఏం రాశాడో చదివి వినిపించు ముందు. ఊఁ... ఊఁ... ఎర్ర రంగు అనే రాశాడా. నువ్వు కుంకుమ అని చెప్పినా?

దిద్దించనా అంటావా. వద్దులేమ్మా. రంగు అనే ఉండనీ. ఆవిడ చూసింది రంగే.