బేళ్ల మీద చదివిన పత్రిక

నలభై ఆరు వేసవిలో ఒక మధ్యాహ్నం, నరసరావుపేట స్టేషను ఎదుట మీరా సాహెబు టీ దుకాణంలో ఖాదర్ వలి చెప్పగా విన్న మాటలివి. పత్తి నుంచి గింజ తీసే, మూతబడిన జిన్నింగు మిల్లులో ఆయన గేటు జవాను. నేను హెడ్డు గుమాస్తాను. ఆ మిల్లుకు నెలకొక పత్రిక ఉండేది. యుద్ధపు రోజుల్లో కాగితం కరువై ఒక్క ప్రతి మాత్రమే తయారయ్యేది. యాజమాన్యం పనివారికి తెలియజేయదలచినవి నేను రాసేవాడిని. చదువు రానివారే అధికం కనుక, పన్నెండింటి కూత కూయగానే ఖాదర్ వలి దూది బేళ్ల మీదికెక్కి దానిని చదివి వినిపించేవాడు. ఆఫీసు గదిలో ఉండే నాకు అతని మాటలు అందేవి కావు గాని, ఆ కూత, ఇంజను ఆగగానే కమ్ముకునే ఆ నిశ్శబ్దం, విప్పుతున్న సద్దిమూటల వాసన నాకు నేటికీ జ్ఞాపకమే.

మిల్లును కొత్త యజమాని కొన్నాడు. పాత రిజిస్టర్లేవీ చేతికి రాలేదు. పత్రికలో ఎవరి పనిని మెచ్చి పేరు వేశారో వారిని ముందుగా తీసుకుంటామని కబురు వచ్చింది. పత్రికల కట్టను ఆ రోజు మూడున్నరకు మేనేజరు ముందుంచవలసిన బాధ్యత నాది. పత్తిలో ఆకూ పుల్లా ఏరే పని చేసిన పీరాంబీ దుకాణపు మెట్టు మీద కూర్చుని, ఆ కట్ట ఉన్న నా సంచినే చూస్తున్నది. భర్త పోయి ఏడాది. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, అది మీకందరికీ తెలుసు," అని మొదలుపెట్టాడు ఖాదర్ వలి. "కానీ చదవటమంటే మా మిల్లులో చదవటమే. ఇప్పుడేముంది, గోడకంటిస్తారు, మేకలు తినిపోతయ్యి. నేను బేలెక్కి గొంతు సవరించుకున్నానా, రెండొందల మందికి నోట్లో ముద్ద నోట్లోనే ఉండేది. ఏమ్మా పీరాంబీ, ఉండేదా లేదా?"

"ఉండేదిలే అన్నా. నమిలితే నీ మాట ఇనపడదని."

"ఇన్నారా! అదొక లెక్కా? ఒకరోజు గాలి ఇటు తిరిగి నా గొంతు గోడ దాటి స్టేషన్లో పడింది. మాచర్ల బండి కదలబోతా ఉంది. గార్డు జెండా ఎత్తినోడు ఎత్తినట్టే నిలబడ్డాడు. ఆవిరి చప్పుడుకి నా మాట అందట్లేదని డ్రైవరు ఇంజను ఆపేసి కిందకి దిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బండి లేటైంది," అన్నాడు త్రికోటేశ్వరరావు. అతడు రైల్వేలో పట్టాల పాయింట్లు మార్చే ఉద్యోగి. "తేదీ చెప్పు మామా, మా బుక్కులో చూస్తా."

"బుక్కులో ఎట్టుంటదిరా? అది రాయాల్సిన స్టేషను మాస్టరు మా గోడెక్కి కూర్చుంటే!"

మీరా సాహెబు నవ్వు ఆపుకొంటూ గ్లాసులు కడిగాడు.

"ఆ నెల నుంచి బండి మాకోసం పావుగంట ఆగేది. బండిలో విన్నోళ్లు నడికుడిలో చెప్పటం, నడికుడి వాళ్లు గురజాలలో చెప్పటం. మే నెల్లో 'పనివాళ్లకి చల్లటి మజ్జిగ పోస్తాం' అని చదివా. ఆ మాట రెంటచింతల చేరేసరికి, కాకి కూడా నోరు తెరవని ఎండలో ఊరంతా చల్లబడిపోయింది. చర్చిలో జనం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారంటే నమ్మండి."

"రెంటచింతలలోనా? మే నెల్లోనా?"

"మే నెల్లోనేరా! దుప్పటి చాలక కొందరు చాపలు చుట్టుకున్నారు. అదట్టా ఉంచు. లండను రేడియో వాళ్లు నాకు ఉత్తరం రాశారు. ఏమని? 'అయ్యా ఖాదర్ వలి గారూ, తమరు కొంచెం మెల్లగా చదవండి, మా వార్తలు మాకే వినపడట్లేదు' అని!"

"ఆ ఉత్తరమేదీ?" అన్నాడు మీరా సాహెబు.

"మా ఇంటిది హజ్రా బీ పొయ్యిలో పెట్టింది. ఆడవాళ్లకి ఏం తెలుసు దొరల దస్తూరి! అదంతా ఒక ఎత్తు, మన పీరాంబీ పేరు చదివిన రోజు ఒక ఎత్తు. నలభై మూడు నవంబరు. 'ఏరుడు పనిలో పీరాంబీ చేతికి సాటి లేదు' అన్నానా, చేలల్లో పచ్చికాయలు పగిలి పత్తి విచ్చుకుంది. నరసరావుపేట మొదలు మాచర్ల దాకా రాత్రికి రాత్రి తెల్లంగా..."

అందరూ నవ్వారు. పీరాంబీ నవ్వలేదు.

"అన్నా, ఆ కాగితం అయ్యగారి సంచిలో ఉంది. తీసి చదువు. దాంట్లో నా పేరుంటేనే నాకు పని."

నేను నవంబరు సంచికను తీసి ఇచ్చాను. ఖాదర్ వలి దానిని అటూ ఇటూ తిప్పి, రెండు వైపులా చూసి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అయ్యగారు రాసింది నువ్వు చదవట్లేదని మాకు అప్పుడే తెలుసన్నా," అన్నది పీరాంబీ. "నువ్వు చదివినదానికీ, పొద్దుగూకులు మేస్త్రీ చెప్పే ఆర్డర్లకీ ఏనాడన్నా పొంతన ఉందా? మున్నీకి కవలలు పుట్టారన్నా, ఫరీదు ఒంటిచేత్తో ఇంజను బెల్టు ఎక్కించాడన్నా, అదంతా నువ్వు కల్పిస్తున్నావనే అనుకున్నాం. ఇనటానికి బాగుండేది, ఇన్నాం. నా పేరొక్కటే నిజంగా రాశారనుకున్నా."

ఖాదర్ వలి నా వైపు చూడకుండానే అన్నాడు: "దీంట్లో మనుషులే లేరమ్మా. పొగ తాగరాదు, ఆలస్యంగా రారాదు. అన్నం ముందు కూర్చున్నోళ్లకి ఏం చదవమంటావు?"

అది సత్యమే. ముప్పై ఒక్క సంచికలు రాశాను. ఒక్క పనివాని పేరూ వాటిలో లేదు. పేర్లు వేయవద్దని నన్ను ఎవరూ ఆదేశించలేదు.

"ఆమె చేతి చురుకు నిజమేనా?" అని అడిగాను.

"బండి గురించి కోతలు కోశానయ్యా. రెంటచింతల గురించి కోశాను. ఆమె చేతి గురించి కోయలేదు. కవలలూ నిజమే, బెల్టూ నిజమే. మీరు రాయనివి చదివానే గాని, జరగనివి చదవలేదు."

మూడు కావస్తున్నది. తెల్ల కాగితం తీసి బల్ల మీద పరచి, పైన 'సవరణ' అని రాశాను. దాని కింద ఆనాటి తేదీ వేసి, 'గడచిన సంచికలలో పత్రికా రచయిత పొరపాటు వలన విడువబడిన పేర్లు' అని రాసి, ఖాదర్ వలిని చెప్పమన్నాను. నెల తప్పకుండా, తడుముకోకుండా చెప్పాడు. నలభై మూడు పేర్లు, ఎవరు ఏ పనిలో మేటియో సహా. ఈసారి ఏ బండీ ఆగలేదు. త్రికోటేశ్వరరావు కూడా తేదీలు అడగలేదు. చివర సంతకం చేశాను.

మిల్లు గేటు దగ్గర ఖాదర్ వలిని, పీరాంబీని ముందు నడవనిచ్చి, సంతకానికి పైన మిగిలిన చోట ఇంకొక పంక్తి చేర్చాను.

మేనేజరు సవరణను చదివి, పొరపాటు ఎవరిదని అడిగాడు. నాదన్నాను. ఆయన పీరాంబీని మర్నాడు ఏడింటికి రమ్మన్నాడు. తరువాత మిగిలిన పేర్లు పైకి చదవసాగాడు. చిట్టచివరి పంక్తి ఇది: 'పత్రికను అందరూ వినునట్లు చేసినవాడు, గేటు జవాను ఖాదర్ వలి.'

ఖాదర్ వలి వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరు గలవాడు ఇంకెవరైనా వచ్చి నిలబడ్డాడేమోనని.