తెర అంచున కుళ్లాయప్ప

ఏమప్పా ప్రవీణ్, ఆ ఫోన్లోది ఇంగొకసారి చదువు. నిదానంగా చదువు, బస్సు తప్పిపోయేవాని మాదిరి చదవాకు. "కంబళి దొర సినిమాలు నాలుగు భాగాలూ, పేరుతో సహా, పెద్ద కంపెనీ కొనేసింది. ఐదో భాగం కొత్త హీరోతో తీస్తారు." ఆఁ. మాటలన్నీ తెలుగే, అయినా నా తలకెక్కలేదు. కొన్నారంటే ఏం కొన్నట్లప్పా? రీళ్లా? రీళ్లు డబ్బాల్లోనే ఎప్పుడో చెడిపోయింటాయి. కథ కొన్నారంటావా? కథ మా ఊర్లో అందరి నోట్లో ఉండాదే, దాన్నెట్ల మూట కట్టుకోని పోతారు? నవ్వాకు. హక్కులంటావు. హక్కులంటే నాకు తెలీదా, నేనూ చేను అమ్మినోణ్నే. చేను రాసిచ్చేటప్పుడు రాస్తారు గదా, చెట్టూ చేమా, రాయీ రప్పా, నీళ్లూ, నిధీ నిక్షేపం అన్నీ కలిపి అని. ఆ మాదిరి రాసుకోనుంటారు. రాసుకోనీ. నేనడిగేది ఒకటే. అందులో మన కుళ్లాయప్ప దేంట్లో లెక్క? చెట్టులోనా, రాయిలోనా?

నీకెట్ల తెలుస్తాదిలే, నువ్వు పుట్టకముందే పోయినాడు. మన ఈశ్వరి లేదా, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోతాదే, ఆయమ్మ నాయన. నాకంటే రొంత పెద్దోడు. అన్నా అనేవాణ్ని, కోపమొస్తే రేయ్ అనేవాణ్ని, దేనికైనా పలికేవాడు. గొర్రెలోడు. వానికి రెండే పిచ్చులు, గొర్రెలొకటి, కంబళి దొర ఒకటి. నిన్న పెద్దల అమావాస్య పూట వాళ్లింట్లో ఏమయిందో నీకు చెప్పల్ల. నువ్వు ఈ పొద్దే ఊర్లో బస్సు దిగితివి, నీకు తెలీదు. నాకు నిన్నట్నుంచి మనసు మనసులో లేదు. అయితే అది చెప్పల్లంటే ముందు వాని గురించి చెప్పల్ల. ఉండు, ఈ చేను గట్టు మీద కూచోని రొంత వక్క నోట్లో వేసుకోనీ.

మొదటి భాగం తీసింది మన కుందుర్పి గుట్ట కిందనే. మద్రాసోళ్లు జీపుల్లో దిగిరి. నడి ఎండాకాలం, పచ్చి గడ్డిపోచ లేదు యాడా. డైరెక్టరాయప్ప కోస్తా మనిషి, నడుం మీద చేతులు పెట్టుకోని చూసి, "ఎంత బాగుందండీ ఈ కరువు" అనె. కరువు బాగుండేదేందప్పా అని మేం మొకాలు చూసుకుంటిమి. సరే, హీరో గొర్రెలకాపరి గదా, కంబళి కప్పల్ల. వాళ్లు తెచ్చిన కంబళి చూస్తే అంగట్లోంచి ఇప్పుడే తీసినట్లుండాది. కుళ్లాయప్ప చూసి, "సామీ, ఇది కప్పుకుంటే గొర్రెలే నవ్వుతాయి" అని తన భుజం మీదిది తీసిచ్చె. వాని తాత నేసిన కంబళి అది. ఎండ, వాన, గొర్రెపిల్లల ఉచ్చ, అన్నీ పట్టినది. హీరో మొకం ఒకరకంగా పెట్టె గానీ కప్పుకున్నాడు. పోస్టర్లలో చూసింటావే, అదే. ఇప్పుడు ఆ కంబళి గుర్తు కూడా కంపెనీదేనంట, చొక్కాల మీద అచ్చేసి అమ్ముతారంట, నువ్వే చదివితివి గదా. కుళ్లాయప్ప వాళ్ల తాత నేసిందప్పా అది. దాన్ని మద్రాసోళ్లు ఇంగొకరికి అమ్మొచ్చా? అమ్మొచ్చునేమో. నాకు తెలీదు.

యాడున్నాం? ఆఁ, షూటింగు. హీరో గుట్ట దిగి వస్తాంటే మంద అడ్డం పోతాది చూడు, ఆ మంద వానిదే. వాణ్ని ఒక పక్కన నిలబెట్టి, "గొర్రెపిల్లను ముందుకు చాచి పట్టుకో, హీరో అందుకుంటాడు, కెమెరాను మాత్రం చూడొద్దు" అనిరి. వీడు కెమెరాను చూడలేదు, నిజమే. హీరో మొకమూ చూడలేదు. హీరో భుజం మీది కంబళిని చూస్తాండాడు, యాడ ముళ్లకు తగిలిస్తాడో అని, నోరు తెరుచుకోని. డైరెక్టరు అరిచె. మల్లొకసారి తీద్దామంటే మంద చెదిరిపాయె, పొద్దు వాలె. "పోనీలే, అంచున ఉన్నాడు, ఎవరు చూస్తారు" అనిరి. అట్ల తెర ఎడమ అంచున కుళ్లాయప్ప నిలబడిపోయినాడు, తలకు రుమాలు, చేతుల్లో గొర్రెపిల్ల. షూటింగయినంక కంబళి మర్యాదగా తిరిగిచ్చిపోయిరిలే, అబద్ధం చెప్పకూడదు.

రాయదుర్గంలో ఆడె సినిమా. మేమందరం నేల టికెట్టు. హాలంతా నడిమధ్యలో కూచోల్లని తోసుకుంటాంటే మా ఊరోళ్లం మాత్రం ఎడమ కొసకు పోయి కూచుంటిమి. వాడు కనపడ్తానే ఈలలు, కాయితాలు ఎగరెయ్యడాలు. బెళుగుప్ప మనిషి ఒకడు వెనక్కి తిరిగి, "ఏమన్నా, హీరో ఇంగా ఒక్క దెబ్బా కొట్టలేదే, ఈల ఎవరికి" అనె. "మా హీరో వచ్చిపోయినాడప్పా, నువ్వే చూసుకోలేదు" అని చెప్తి నేను. కుళ్లాయప్ప పక్కనే తలకాయ దించుకోని కూచోనుండాడు, సిగ్గు వానికి. తనను చూసుకోడు. హీరో మాటలు మాత్రం ఒక్కటి వదలకుండా తనూ లోపల్లోపల అంటాండేవాడు. ఇంగ రెండో భాగం రీళ్ల పెట్టె బళ్లారి బస్సు మీద వచ్చిన పొద్దు చూడల్ల నువ్వు. పెట్టెను నేలకు తాకనిస్తేనా. ఆ కంబళి పరిచి, దాని మీద దించి, నీళ్లు చల్లి, అప్పుడు హాల్లోకి పోనిచ్చె. హాలు మేనేజరు, "ఏందప్పా, ఇదేమన్నా ఊరి దేవర పెట్టెనా" అంటే, "దొర పెట్టె, దొర కంబళి, నడమ నీకేం కష్టం" అనె.

అయితే రెండో భాగంలో ఒక్క గొర్రె లేదప్పా. దొర ఊరొదిలి పట్నం పోయి, కారెక్కి, రౌడీల్ని కొడ్తాడు. కంబళి ఉండాది గానీ గొర్రె లేదు. కుళ్లాయప్పకు బేజారయిపాయె. ఆ వారంలోనే ప్రొడ్యూసరు రాయదుర్గం హాలుకు వచ్చినాడని తెలిసి పోతిమి ఇద్దరం. తెల్లపంచె కట్టుకోని కుర్చీ వేసుకోని కూచోనుండాడు ఆయప్ప. కుళ్లాయప్ప చేతులు కట్టుకోని, "సామీ, దొర పట్నం పోతే పోనీ. వాని మందను ఎవరికి అప్పగించి పోయినాడు? ఆ సంగతి చెప్పలేదే" అని అడిగె. ఆయప్ప నవ్వలేదు. "నిజమే కుళ్లాయప్పా, అది మేం మర్చిపోయినాం" అనె. కాఫీ తాపిచ్చి పంపె. ఆ మాదిరి ఉండె అప్పట్లో. సినిమా బాగాలేకపోతే ఎవర్ని తిట్టల్లో తెలుసు, యాడ కూచోనుంటాడో తెలుసు. ఇప్పుడు ఈ కంపెనీది ఏ ఊరు? మొకమేది దానికి? నేను పోయి చేతులు కట్టుకోని నిలబడల్లంటే యాడ నిలబడల్ల? పెద్ద కంపెనీ గదా, సినిమాలు పదికాలాలు భద్రంగా ఉంటాయి అంటావు. ఉంటాయి. మన పిల్లను గొప్పింటికి ఇచ్చినట్లుండాది నాకు. సంతోషపడల్లనే అనిపిస్తాది, వాకిలి కాడ కాపలావాడు నిలేస్తే ఏడుపూ వస్తాది.

మూడో భాగం రాకముందే పోయినాడు. తొలి వాన, మందను గుట్ట దించుతాంటే పిడుగు పడె. వాని పెండ్లాం తిప్పమ్మ అప్పుడు కడుపుతో ఉండాది. ఆ కంబళి కప్పే వాణ్ని పూడ్చినాం. మూడో భాగం పెట్టె వస్తే పరిచేదానికి కంబళీ లేదు, పరిచేవాడూ లేడు. పోయి కూచుంటిమి హాల్లో, అలవాటు కొద్దీ ఎడమ కొసనే. సినిమా మొదలయితానే తెర నిండా గొర్రెలప్పా. దొర తిరిగొచ్చి తన మంద యాడుందో వెతుక్కుంటాడు, అదే కథ. వీడు అడిగినాడని తీసినారు. ఈల వేద్దామని వేళ్లు నోట్లో పెట్టుకుంటి, రాలేదు. ఏడ్చినా నేను. ఏడ్చినా అని చెప్పుకునేదానికి సిగ్గేముండాది.

ఫోటో లేదు వానిది. షూటింగులో ఒకడు హీరో పక్కన నిలబెట్టి తీసె, పంపిస్తానని చెప్పిపాయె, యాడ పంపె. ఈశ్వరి నాయన మొకం చూడల్లంటే ఆ సినిమానే. చిన్నప్పుడు టీవీలో ఎప్పుడన్నా వేస్తే పిల్లను పిలిచి, "అద్దో మీ నాయన, అద్దో" అని చూపిస్తాంటిమి, కండ్లు ఆర్పేలోపల పోయేవాడు. తర్వాత ఈ ఫోన్లు వచ్చె. ఎవడో పుణ్యాత్ముడు సినిమా మొత్తం అందులో పెట్టింటే, ఆ చోటికి జరిపి నిలిపితే నాయన నిలబడేవాడు, కావల్సినంతసేపు. పెద్దల అమావాస్యకు పోయినోళ్ల ఫోటో ముందర విస్తరి వేస్తాం గదా మనం. వాళ్లింట్లో గోడకు ఫోను ఆనించి, వాణ్ని నిలిపి, దాని ముందర విస్తరి వేస్తారు. తిప్పమ్మకు కండ్లు మసక. "వచ్చినాడా?" అని అడుగుతాది. "వచ్చినాడుమా" అంటాది ఈశ్వరి. అప్పుడే వడ్డించేది. వాడు రాకుండా ఒక్క మెతుకు విస్తర్లో పడదు, ఏటేటా అంతే.

వినాయక చవితి అయినంక ఒక పొద్దు ఈశ్వరి పరిగెత్తుకోని వచ్చె. "చిన్నాయనా, ఫోన్లో నాయన లేడు" అనె. చూస్తే నల్లగా ఉండాది, ఈ వీడియో తీసేసినాం అని రాసుండాది. కంపెనీ కొనింది గదా, ఇంగ వాళ్ల యాప్‌లోనే చూడల్లంట. కంపెనీకి రాసింది పాపం, "మా నాయన ఉండాడు అందులో, అమావాస్యకు కావల్ల" అని. వాళ్లేం పంపినారు తెలుసా? ఎర్ర గుండె బొమ్మ. "మా కంబళి దొరను ప్రేమిస్తున్నందుకు వందనాలు" అని. మా కంబళి దొర అంట. ఆ గుండె బొమ్మను ఏం చేసుకునేదో నాకు తెలీలేదు, ఆయమ్మకూ తెలీలేదు. కడాకు ఆ యాప్ తెప్పించుకునె. సినిమాను కొత్తగా కడిగి, మెరుగుపెట్టి పెట్టినారని అందులో రాసుండాదంట. "మెరుగు పెడితే నాయన మొకం ఇంగా బాగా కనపడ్తాది గదా చిన్నాయనా" అని సంబరపడె. ముందే చూడు అంటే చూడదే. "వద్దు, అమావాస్యకే చూస్తా, విస్తరి ముందరే" అనె.

నిన్న నన్నూ పిలిచిరి. సంగటి, ఊరిబిండి, ఓళిగలు, అన్నీ వానికి ఇష్టమైనవే చేసినారు. ఫోను గోడకు ఆనించిరి. నిజం చెప్పల్లంటే ఎంత బాగుండాది సినిమా. రంగులు తళతళ. పాతదానికి పైనా కిందా నల్ల పట్టీలు ఉండేవి, అవి లేవు, ఫోను నిండా పటమే. నాకే సంతోషమయిపాయె. కుందుర్పి గుట్ట మీది బండలు కూడా ఒక్కొక్కటీ కనపడ్తాండాయి. హీరో దిగినాడు. మంద అడ్డం వచ్చె. ఈశ్వరి నిలిపె. ఎడమ అంచున ఎవరూ లేరు. రొంత వెనక్కి జరిపె. లేడు. మల్ల ముందుకు జరిపె. రెండు చేతులు మాత్రం అంచులోంచి వచ్చి, గొర్రెపిల్లను పట్టుకోనుండాయి. అంతే. మనిషి లేడు. నువ్విప్పుడు చెప్తాండావు, పాత సినిమా అడ్డం జాస్తి, ఫోను నిండల్లని పటాన్ని పెద్దది చేసి రెండు కొసలూ కోసేసింటారు అని. అట్లనే ఉంటాదిలే. వాళ్లకు మన మీద పగేముండాది. మరి నల్ల పట్టీలు పోయేదానికి మనిషి పోవల్లనా అనేది నాకు అర్థం కాలేదు.

తిప్పమ్మ విస్తరి ముందర కూచోనుండాది, గరిటె పట్టుకోని. "వచ్చినాడా?" అనె. ఈశ్వరి నా మొకం చూసె. నేను ఫోను దిక్కే చూస్తాంటి, రొంత పక్కకు తిప్పితే కనపడ్తాడేమో అని, ఎర్రిముండాకొడుకును. "వచ్చినాడామ్మీ?" అని మల్ల అడిగె ముసలామె. "చేతులొచ్చినాయిమా" అనె ఈశ్వరి, "మొకం రాలేదు." తిప్పమ్మ గరిటె కింద పెట్టె. వడ్డించేది లేదనుకుంటి. విస్తరి తడిమి చూసుకోని, "చేతులు వానివేనా? బాగా చూడు" అనె. "నాయనవే." "అయితే వడ్డించు. తినేది చేత్తోనే గదా" అనె.

ఆఁ? ఐదో భాగం వస్తే చూస్తానా అంటావా.

అద్దో, ఎవరివో మేకలు శెనక్కాయ చేన్లో పడినాయి. తోలిరా పోప్పా.